పాచి కంటే ముందు చూరు చూడండి

ప్రశ్న: మేము సియాటిల్ దగ్గర సమామిష్‌లో ఉంటాం. రెండంతస్తుల ఇల్లు. నాలుగేళ్ల క్రితం కొన్నాం. పైకప్పు వేసి 14 ఏళ్లయిందట. వెనక పెద్ద పెద్ద డగ్లస్ ఫర్ చెట్లు, పక్కన ఒక మేపుల్ చెట్టు ఉన్నాయి. ఉత్తరం వైపు కప్పు మీద పాచి పట్టింది. చూడడానికి పచ్చగా బాగానే ఉంది కదా అని ఇన్నాళ్లూ వదిలేశాం. పోయిన వారం ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో మా కప్పు మీద పాచి కనిపించిందని, 45 రోజుల్లో తీయించి రుజువు పంపకపోతే పాలసీని పొడిగించబోమని రాశారు. మర్నాడే ఒకతను తలుపు కొట్టి, ప్రెషర్ వాషర్‌తో ఒక్క పూటలో కప్పంతా కడిగేస్తానని, గట్టర్లు, అంటే చూరు వెంట వాన నీరు పారే రేకు కాలువలు, ఉచితంగా శుభ్రం చేస్తానని అన్నాడు. నగదు ఇస్తే ఇంకో వంద డాలర్లు తగ్గిస్తాడట. మా నాన్నగారు కోనసీమ నుంచి వచ్చి ఉన్నారు. ఆయనకు 68 ఏళ్లు. ‘దీనికి మనిషెందుకమ్మా, నిచ్చెన తీసుకురా, చీపురుతో నేను ఊడ్చేస్తాను, మన పెంకుటిల్లు ఎక్కలేదా’ అంటున్నారు. మావారు ఎటూ తేల్చరు. మూలనున్న గట్టర్ వానకు పొంగుతుంది, అది వేరే సంగతి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నిచ్చెన సంగతి తేల్చుకుందాం. దాన్ని గరాజ్‌లో పెట్టి తాళం వేయండి. ఇన్సూరెన్స్ కంపెనీ 45 రోజులు గడువిచ్చింది. మీ నాన్నగారు అంత గడువిచ్చేలా లేరు.

ఆయన మాటను తీసిపారేయకండి. పెంకుటింట్లో పుట్టి పెరిగిన మనిషికి కప్పు ఎక్కడం పెద్ద సాహసం కాదు. రోహిణి ఎండలు ముదిరాక, తొలకరి పడేలోగా పెంకు తిరగవేయించడం మన కోస్తా ఇళ్లలో ఏటా ఉండే పనే. పగిలిన పెంకు మార్చడం, పెంకుల సందుల్లో చేరిన ఆకూ అలమూ ఊడ్చడం అంతా ఎండలో, పొడి కప్పు మీద, వాసం ఎక్కడుందో చూసుకుని కాలు వేస్తూ చేసేవారు. ఆ ఇళ్ల చూరు చాలావరకు చేయి చాస్తే అందేది. మీ ఇంటి చూరు 20 అడుగుల ఎత్తున ఉంటుంది. ‘గోదావరి రేవులో నీళ్లను ఆనుకుని ఉండే ఆఖరి మెట్టు గుర్తుందా నాన్నా? దాన్ని ఏటవాలుగా తిప్పి మేడ మీద పెట్టారనుకోండి’ అని చెప్పి చూడండి. రేవు మెట్ల పాచి మీద ఒక్కసారైనా జారని గోదావరి మనిషి ఉండడు. అప్పటికీ వినకపోతే ఆయన విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు బయటకు తీసి, తుంటి ఎముక విరిగితే ఎంతవరకు ఇస్తారో చదివి వినిపించండి. ఆయన కోసం వేరే పని ఉంది, చివర్లో చెబుతాను.

ఇక తలుపు కొట్టినతను. నగదుకు తగ్గింపు అన్నప్పుడే అనుమానించాలి. అయినా అది పక్కన పెడదాం. ప్రెషర్ వాషర్ అన్నాడు కాబట్టి వద్దు.

మీ కప్పు మీద పలకల్లా కనిపించే షింగిల్స్ తారు పట్టించిన ఫైబర్‌గ్లాస్ పొరలు. పైన గరుకుగా తగిలేది రాతి రవ్వ. ఎండ నేరుగా తారుకు తగిలి అది ఎండి పగలకుండా కాపాడుతున్నది ఆ రవ్వే. ప్రెషర్ వాషర్ పాచితో పాటు ఆ రవ్వనూ లేపేస్తుంది. పైగా కప్పును పేర్చింది పై నుంచి కిందికి జారే నీటి కోసం. ఎదురు దిశ నుంచి అంత ఒత్తిడితో నీళ్లు కొడితే షింగిల్ అంచుల కిందికి దూరుతాయి. ఈ షింగిల్స్ తయారుచేసే అమెరికన్ కంపెనీల సంఘమే, పాచి తీయడానికి ప్రెషర్ వాషర్ వాడవద్దని చెబుతుంది. వాడితే వారంటీ చెల్లదనే తయారీదారులూ ఉన్నారు.

నాకు ఇది చదివి తెలిసిన సంగతి కాదు. 16 ఏళ్ల క్రితం మా మొదటి ఇంటి తలుపు కూడా ఇలాగే ఒకతను కొట్టాడు. మధ్యాహ్నం లోపు కప్పు కొత్తదానిలా మెరిసింది. ఎదురింటివారు వచ్చి మెచ్చుకుని అతని ఫోను నంబరు కూడా తీసుకున్నారు. సాయంత్రం గట్టర్ గొట్టం కింద చూస్తే నల్లటి ఇసుక కుప్ప ఉంది. చేతిలోకి తీసుకుంటే కాఫీ పొడి కంటే ముతకగా, బొంబాయి రవ్వ కంటే బరువుగా ఉంది. అదేమిటో అప్పుడు నాకు తెలియలేదు. ఆ ఇసుక మా కప్పు ఆయుష్షు. నాలుగో ఏడు పడకగది సీలింగ్ మీద పళ్లెమంత పసుపుపచ్చ మరక తేలింది. ఇంకా పదేళ్లు ఉండవలసిన కప్పును ఆ వేసవిలోనే మార్పించాం. ఇప్పుడు ఈ ప్రాంతంలో కప్పు మార్పించడమంటే ఇరవై ముప్ఫై వేల డాలర్ల మాట. మేము ఆనాడు మిగుల్చుకున్నది మూడు వందలు.

పాచి గురించి చాలామందికి ఉండే భయం, దాని వేళ్లు కప్పులోకి దిగి తినేస్తాయని. పాచికి అసలు వేళ్లే ఉండవు. పట్టు కోసం నూలుపోగుల్లాంటివి ఉంటాయి, అంతే. అది చేసే చెడంతా నీళ్లు పట్టి ఉంచడంలోనే ఉంది. వాన వెలిశాక మిగతా కప్పు ఆరిపోయినా, పాచి ఉన్నచోట తడి గోనెసంచి పరచినట్టే ఉంటుంది. అది షింగిల్ అంచు కింద చేరి మెల్లగా అంచును లేపుతుంది. ఆ సందులోకి నీరు, ఒత్తి నూనె పీల్చినట్టు, వాలుకు ఎదురెక్కి పాకుతుంది. కింద ఉండే ప్లైవుడ్ అలా నానడం మొదలవుతుంది.

సియాటిల్‌లో ఏడాదికి పడే వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు. మీ నాన్నగారికి ఈ లెక్క చెబితే నవ్వుతారు, గోదావరి జిల్లాల్లో పడేదాని కంటే ఇది ఎక్కువేమీ కాదు. అక్కడి వాన కుండపోతగా కురుస్తుంది, మధ్యలో ఎండ కాస్తుంది, పెంకు ఆరుతుంది. ఇక్కడ అదే వాన ఏడాదిలో 150 రోజులకు పైగా తుంపరగా, ముసురుగా పంచుకుని పడుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరం వైపు వాలు ఎండ ముఖం చూసేది చాలా తక్కువ. దానికి తోడు మీ ఫర్ చెట్ల నీడ. పాచికి ఇంతకంటే ఏం కావాలి?

ఏది పాచో ముందుగా చూసుకోండి. కింద నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తే చాలు. దిండులా ఉబ్బి పచ్చగా ఉన్నదే పాచి. నల్లటి చారలు కనిపిస్తే అవి ఆల్గే. చూపుకు బాగుండదు కానీ కప్పుకు పెద్ద హాని లేదు. బూడిద రంగులో నాణేల్లా అతుక్కుని ఉన్నవి లైకెన్. వాటిని గోకించవద్దు, రవ్వను పట్టుకుని ఊడివస్తాయి. మందు పడితే చచ్చి, వానలకు వాటంతట అవే రాలిపోతాయి.

ఇప్పుడు మీరు ‘వేరే సంగతి’ అంటూ ఒక్క వాక్యంలో దాటేసిన గట్టర్ దగ్గరకు వస్తాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. పాచి కప్పును పాడుచేయడానికి ఏళ్లు పడుతుంది. పూడిన గట్టర్‌కు ఒక్క నవంబరు చాలు.

1,000 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే వచ్చే నీరు 620 గ్యాలన్ల పైమాటే. మీ కప్పు 2,000 అడుగులనుకుంటే దాదాపు 4,700 లీటర్లు. మన ఊళ్లలో డాబాల మీద పెట్టే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు ఐదింటికి కాస్త తక్కువ. పసిఫిక్ సముద్రం మీదుగా తేమ ధారలు కట్టి వచ్చే నవంబరులో ఒక్క రోజులో అంత వాన పడడం వింత కాదు. ఆ నీళ్లన్నీ ఐదంగుళాల వెడల్పున్న రేకు కాలువలోంచి, రెండు మూడు గొట్టాల్లోంచి దిగాలి. గొట్టం మూతి దగ్గర పిడికెడు ఫర్ ఆకులు అడ్డుపడితే ఏ దారిన పోతాయి? గట్టర్ ముందు అంచు మీదుగా పొంగితే పునాది పక్కన పడతాయి. వెనక అంచు మీదుగా పొంగితే ఫేషియా చెక్కలోకి, అంటే గట్టర్ బిగించిన చూరు అంచు పలకలోకి, అక్కడి నుంచి వాసాల కొసల్లోకి వెళతాయి. రెండోది ప్రమాదం, ఎందుకంటే అది బయటకు కనబడదు. మన వైపు డాబా గోడ తడిస్తే సున్నం రాలుతుంది, మళ్లీ వేయిస్తాం. ఇక్కడ గోడ లోపలిదంతా చెక్కే. పునాది పక్కన నిలిచిన నీరు ఇంటి అడుగున ఉండే క్రాల్ స్పేస్‌లోకి దిగుతుంది. ఆ తేమ పైకి ఎగబాకి బూజుగా మారి, అల్మరాలో పట్టుచీరల వాసన మారేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

గట్టర్‌లో చేయి పెట్టి చూస్తే పైన ఎండిన ఫర్ ఆకులు చాపలా అల్లుకుని ఉంటాయి. ఆ చాప ఎత్తితే కింద నల్లటి పేడలాంటి బురద, ఎన్నాళ్లుగానో కడగని కుడితి తొట్టి అడుగు వాసన. మా ఇంట్లో ఒకసారి అందులో జానెడు ఫర్ మొక్క మొలిచి నిటారుగా నిలబడి ఉంది. మన డాబా పిట్టగోడల్లో రావి మొక్క మొలిస్తే పెద్దవాళ్లు ఎంత హడావిడి చేసేవారో గుర్తొచ్చి నవ్వుకున్నాను. బురదలో మెరిసే నల్ల రవ్వ కూడా కనిపిస్తుంది. ఏడాదికి గుప్పెడు రాలడం మామూలే. దోసిళ్లకొద్దీ వస్తుంటే మాత్రం కప్పు ముసలిదవుతోందని లెక్క.

మీ చెట్లకు సరిపడేలా చూస్తే ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయించాలి. దసరా నాటికి ఒకసారి, మేపుల్ ఆకంతా రాలాక, అంటే కార్తీకం వెళ్లాక ఇంకొకసారి. ఒక్కసారే కుదురుతుందంటే రెండోదే ఎంచుకోండి. ఫర్ చెట్టు పచ్చగా ఉంటుంది కాబట్టి ఆకు రాల్చదనుకుంటారు. అది ఏడాది పొడవునా రాలుస్తూనే ఉంటుంది. వేసవి చివర్లో, ఈదురుగాలుల్లో మరీ ఎక్కువ.

బురదను ముందుగా చేత్తోనో, ప్లాస్టిక్ పారతోనో తీసి సంచిలో వేయాలి. ఆ తర్వాతే తోట పైపుతో నీళ్లు పెట్టాలి. బురద ఉండగానే నీళ్లు పెడితే అంతా కొట్టుకుపోయి గొట్టం మొదటి వంపు దగ్గర బిగుసుకుంటుంది. మీ ప్రాంతంలో చాలా ఇళ్ల గట్టర్ గొట్టాలు నేరుగా భూమిలోని పైపులో కలుస్తాయి. అక్కడ పూడితే తవ్వించాలి, ఆ ఖర్చు వేరు. నీళ్లు వదిలి, కింద నిలబడి చెవి పెట్టండి. గలగలా దిగితే సరే. గుటకలు మింగుతున్నట్టు చప్పుడొస్తే లోపల ఏదో ఉంది. గొట్టం భూమిలోకి పోకుండా నేల మీదే వదిలేసి ఉంటే, చివర నాలుగైదు అడుగుల పొడిగింపు తగిలించి నీటిని పునాదికి దూరంగా పంపండి. ఇంటి ఖర్చులన్నిటిలోకీ ఇంత తక్కువలో ఇంత మేలు చేసేది ఇంకొకటి నేను చూడలేదు.

గట్టర్ మీద జాలీలు అమ్మేవారు కూడా వస్తారు. జీవితాంతం గట్టర్ ముట్టుకోనక్కర్లేదని చెబుతారు. మేపుల్ ఆకులకు ఏ జాలీ అయినా పనికొస్తుంది. ఫర్ ఆకు సూదిలా ఉంటుంది, పెద్ద కన్నాల జాలీలో నిలువుగా దిగి అక్కడే ఇరుక్కుంటుంది. సన్నటి స్టీలు జల్లెడ అయితే ఆపుతుంది, కానీ ఆ జల్లెడ మీద ఆకులు పేరుకుంటే దాన్నీ ఊడ్పించాలి. మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను: ఈ ఏడాది కొనకండి. ముందు గట్టర్ నడక సరిచేసుకోండి.

మీవారు కింది అంతస్తు వరండా గట్టర్ తానే తీస్తానంటే అభ్యంతరం లేదు. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా ఉండాలి. గట్టర్‌కు ఆనించకూడదు, వంగిపోతుంది. గోడకు ఆనే అడ్డకమ్మీ తగిలించాలి. కరెంటు తీగకు 10 అడుగుల దూరం తప్పనిసరి. ‘ఇంకొక్క అడుగు అందితే చాలు’ అని పక్కకు వంగకుండా, దిగి నిచ్చెన జరుపుకోవాలి. కింద ఒకరు పట్టుకుని నిలబడాలి. పై అంతస్తు మాత్రం పనివాళ్లకే వదిలేయండి.

ఇక మందు. అంగట్లో రకరకాలవి దొరుకుతాయి. బ్లీచ్ పాచిని చంపుతుంది. పైన చెప్పిన షింగిల్ కంపెనీల సంఘం కూడా సగం బ్లీచ్ సగం నీళ్లు చల్లి, కాసేపాగి తక్కువ ఒత్తిడితో కడగమంటుంది. కానీ చూరు కింద మీ మొక్కలు ఏమవుతాయి? కరివేపాకు కుండీ లోపలికి తెచ్చుకోగలరు, నేలలో పాతుకున్న రోడోడెండ్రన్ పూలపొదను తేలేరు కదా. జింక్ సల్ఫేట్ పొడి బాగా పనిచేస్తుంది. రాగితో చేసిన మందులూ ఉన్నాయి. ఈ రెండింటికీ నేను దూరంగా ఉంటాను.

కారణం మీ వీధి చివరి వాననీటి జాలీలో ఉంది. అందులో పడిన నీరు శుద్ధి కేంద్రానికి వెళ్లదు. వాగులోకి, సరస్సులోకి, చాలాచోట్ల నేరుగా పోతుంది. అందుకే అందులోకి వాన నీరు తప్ప మరేదీ వదలకూడదని నియమం. జింక్, రాగి రెండూ చేపలకు విషం. రాగి అతి కొద్ది మోతాదులో ఉన్నా సాల్మన్ చేప వాసన పట్టే శక్తిని దెబ్బతీస్తుంది. సముద్రం నుంచి తాను పుట్టిన వాగుకు తిరిగి రావడానికి సాల్మన్‌కు దారి చూపేది ఆ వాసనే. మీ నాన్నగారికి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. వరద గోదావరికి ఎదురీది వచ్చే పులస కోసం పుస్తెలమ్మయినా సరే అన్న ప్రాంతం మనిషి ఆయన. కప్పు శిఖరం మీద జింక్ పట్టీలు బిగిస్తామనే వారికి కూడా నా జవాబు ఇదే. పైగా వాటి ప్రభావం పట్టీకి దిగువన కొద్ది అడుగుల మేరకే ఉంటుంది.

మిగిలినవి సబ్బు జాతి మందులు. డబ్బా మీద ‘పొటాషియం సాల్ట్స్ ఆఫ్ ఫ్యాటీ యాసిడ్స్’ అని ఉంటుంది. మొక్కల పురుగులకు చల్లే సబ్బు నీళ్లకు దగ్గరి చుట్టం. ఇవి కూడా నీళ్లలో కలిస్తే చేపలకు మంచివి కావు, కానీ లోహాల్లా ఏళ్ల తరబడి నిలవవు, త్వరగా విడిపోతాయి. డబ్బా మీద రాసిన మోతాదు, రాసిన పద్ధతి తప్పవద్దు. ఈ దేశంలో పాచి మందు లేబుల్‌ను అతిక్రమించడమంటే చట్టాన్ని అతిక్రమించడమే. చల్లాక ఒకటి రెండు రోజులు వాన లేకుండా చూసుకోవాలి. ఎండాకాలంలో పాచి ఎండి నిద్రలో ఉంటుంది, మందు పీల్చదు. తొలి వానలకు కాస్త మేలుకుని పచ్చబడినప్పుడు వేస్తే పడుతుంది. మీ ఉత్తరం సెప్టెంబరులో వచ్చింది కాబట్టి సమయం మీకు అనుకూలంగానే ఉంది.

వరుస ఇలా ఉండాలి. గట్టర్ గొట్టాల మూతులకు ముందు గుడ్డ కుక్కాలి. లేకపోతే పై నుంచి రాలే పాచి గడ్డలన్నీ భూమిలోని పైపులోకి పోతాయి. తర్వాత మెత్తటి కుచ్చు బ్రష్‌తో పాచి దిమ్మల పైభాగం మాత్రం దులపాలి, అది కూడా పై నుంచి కిందికే. కింది నుంచి పైకి ఊడిస్తే షింగిల్స్ లేస్తాయి. మిగిలిన పొరకు మందు. ఆఖర్న గట్టర్. గుడ్డలు తీయడం మరవకూడదు. ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను, వివరాలు అడగకండి. మందు పడిన పాచి వారం పది రోజుల్లో గోధుమ రంగుకు తిరిగి, చలికాలమంతా కొద్దికొద్దిగా రాలుతుంది. మర్నాటికి కప్పు మెరవకపోతే మోసపోయామనుకోకండి. మెరిస్తేనే అనుమానించండి.

ఈ పని చేసేవారిని పిలిచేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. వాషింగ్టన్ రాష్ట్రంలో కాంట్రాక్టర్లు లేబర్ అండ్ ఇండస్ట్రీస్ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే నమోదు, బాండు, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. డబ్బు తీసుకుని ఇతరుల కప్పు మీద పాచి మందు చల్లాలంటే రాష్ట్ర వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్సు కూడా కావాలి. ఫోనులోనే అడగండి: పాచి దేనితో తీస్తారు? ఏ మందు వాడతారు? మనిషి ఒంటికి హార్నెస్ పట్టీలు వేసుకుని తాడు తగిలించుకుంటాడా? పని ముందు, పని తర్వాత ఫొటోలు ఇస్తారా? మొదటి ప్రశ్నకు ‘ప్రెషర్’ అని మొదలుపెడితే ధన్యవాదాలు చెప్పి పెట్టేయండి. ఆ తలుపు కొట్టినతనికి కూడా ఈ నాలుగు ప్రశ్నలే వేయండి, మళ్లీ రాడు.

చెట్ల విషయం తొందరపడకండి. కప్పు మీదికి వంగిన కొమ్మలు కత్తిరిస్తే వెలుతురు పడుతుంది, ఆకు తగ్గుతుంది, పాచి కూడా నెమ్మదిస్తుంది. కానీ చెట్టే కొట్టించాలంటే మీ నగరపాలక కార్యాలయాన్ని అడగకుండా రంపం పట్టించవద్దు, అనుమతి అవసరం పడవచ్చు.

ఇన్సూరెన్స్ వారికి రేపే ఫోను చేయండి. రుజువు అంటే ఏమిటని అడగండి: బిల్లు చాలా, ఫొటోలు కావాలా, పాచి పూర్తిగా రాలిపోవాలా? చచ్చిన పాచి గోధుమ రంగులో ఇంకా కొన్ని నెలలు కప్పు మీదే ఉంటుందని ముందే చెప్పి, వారన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి. పనివాళ్లు దొరకడం ఆలస్యమైతే గడువు పెంచమని కూడా ఈమెయిల్‌లోనే అడగండి. ఇప్పటి ఫొటోలు తేదీతో సహా ఈరోజే తీసి ఉంచండి. బిల్లు మీద ఏ వైపు కప్పు, ఏ మందు, ఏ తేదీ అన్నవి రాయించండి. అన్నీ చేశాక కూడా మొండికేస్తే రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ కార్యాలయానికి ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. ఆకాశం నుంచి ఫొటో తీసి బెదిరించడం నాకూ నచ్చదు. అయితే పాచి వల్ల, ఆలనాపాలనా లేకపోవడం వల్ల మెల్లగా జరిగిన నష్టానికి మామూలు ఇంటి పాలసీ డబ్బివ్వదు. ఆ ఉత్తరం రాకపోయినా ఈ ఖర్చు మీదే.

ఇక మీ నాన్నగారి పని. ఈ పనులన్నీ అయ్యాక మొదటి గట్టి వాన పడే రోజు చూసి, ఆయనకు ఒక గొడుగు, ఒక జత బూట్లు ఇచ్చి ఇంటి చుట్టూ పది నిమిషాలు తిప్పండి. నీరు ఎటు నుంచి ఎటు పోతోందో పట్టేసే కన్ను ఆ తరానికి ఉంటుంది. చేలో గట్టు ఎక్కడ తెగిందో దూరం నుంచే చెప్పగలిగిన వాళ్లు వాళ్లు. గట్టర్ ముందు నుంచి పొంగుతోందా, వెనక నుంచి గోడ మీదికి కారుతోందా, ప్రతి గొట్టంలోనూ నీరు సమంగా దిగుతోందా, పునాది పక్కన మడుగు కడుతోందా అన్నవి ఆయన చూడాలి. మీరు ఆ సమయంలో టార్చి పట్టుకుని అటకలోకి తల పెట్టండి. ప్లైవుడ్ మీద నల్లటి మరకలు గానీ, మేకుల చుట్టూ తుప్పు గానీ ఉంటే ఫొటో తీయండి. పనివాళ్లు నిచ్చెన మీద ఉన్నప్పుడే ఫేషియా చెక్కను స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడమని అడగండి. గట్టిగా తగిలితే సరే. నానిన అట్టలా దిగితే అది వడ్రంగి పని, చలికాలంలోగా చేయించాలి.

శుభ్రం చేశాక కూడా మీరన్న ఆ మూల గట్టర్ పొంగితే నాకు మళ్లీ రాయండి. గట్టర్ పది అడుగులకు కనీసం పావు అంగుళం చొప్పున గొట్టం వైపు వాలి ఉండాలి. ఏళ్ల తరబడి తడి ఆకుల బరువు మోసి బిగింపులు సడలితే ఆ వాలు పోతుంది, అప్పుడు ఎంత ఊడ్చినా పొంగుతూనే ఉంటుంది. రాసేటప్పుడు ఆ మూల నుంచి దగ్గరి గొట్టానికి ఎన్ని అడుగులో నాన్నగారితో కింద నుంచే, నేల మీదే, టేపుతో కొలిపించి పంపండి.